రవ్వంత వాలు

ఇచ్చాపురం దాటి, సరిహద్దు గేటు దాటి,
బాహుదా మొగ దగ్గర సోనాపూర్ ఇసకలో
ఆదివారం మొదలైంది బోటు కోత.
దానేసు చిన్నాన్న కొన్నప్పుడే అది పాతది.
ఎవరో షోకుగా గేలమేసుకోడానికి చేయించుకున్నదట.
నడిమధ్యన నిలువెత్తు పెట్టె,
దానికో చక్రం, గీతలు పడ్డ అద్దం,
ఎటు తిప్పినా తూర్పే చూపించే దిక్సూచి.

పద్నాలుగేళ్లు చిన్నాన్న ఆ పెట్టె వెనకే నిలబడ్డాడు.
మేం నలుగురం దాని చుట్టూ
ప్రదక్షిణం చేస్తున్నట్టు తిరుగుతూ వల లాగేవాళ్లం.
వలకి భక్తి లేదు.
ప్రతి మూలకీ తగులుకునేది,
ప్రతి చీలకీ ఓ కన్ను తెంపుకునేది.
తెగిన కళ్లు కుట్టేది కొర్లమ్మ పిన్ని.
"సేపలకన్నా ఆ పెట్టే ఎక్కువ పడతంది వల్లో"
అని ఒకే మాట, పద్నాలుగేళ్లు అంది.

పూర్ణ బెహెరా మిస్త్రీ బరంపురం నుంచి వచ్చాడు,
ఒక గ్రైండరు, రెండు డబ్బాల రెజిన్,
ముక్కుకి తడిగుడ్డ.
పెట్టె చుట్టూ సుద్దగీత గీసి
చిన్నాన్న వైపు చూశాడు.
చిన్నాన్న సముద్రం వైపు చూశాడు.
గ్రైండరు అరిచింది.
తెల్లదుమ్ము కనుబొమల మీద పడి
మధ్యాహ్నానికి నలుగురం ముసలాళ్లమైపోయాం.

అడుగు లేపితే కింద నురగబిళ్లలు.
బోటు తేలడానికని పెట్టినవి.
నొక్కితే నీళ్లు.
ఒక్కోటి ఎత్తడానికి ఇద్దరు కావాలి.
ఏ సన్నపు పగుల్లోంచి ఎప్పుడు దూరిందో,
సముద్రాన్ని కడుపులో మోస్తూ
సముద్రం మీద తిరిగాం ఇన్నేళ్లూ,
ఆయిల్ ఎక్కువ తాగుతోందని మెషిన్ని తిడుతూ.
తీసినవన్నీ ఇసకలో పరిస్తే
రెండు రోజులు కారాయి.
మూడోరోజు వాటి మీద ఒక కుక్క పడుకుంది.

కొత్త ప్లైవుడ్డు, మ్యాటు, రెజిన్,
మళ్లీ మ్యాటు.
పూర్ణ నీళ్లగొట్టం పెట్టి అటూ ఇటూ చూసి
"సమాన హేలా" అన్నాడు.
ఆ మాటకి మాకు తర్జుమా అక్కర్లేదు.
"అయితే పాలు కూడా సమానమేనా సిన్నాన్నా?"
అని నవ్వాడు ఎర్రయ్య. ఇంకెవరూ నవ్వలేదు.
బోటుకి రెండు పాలు, మెషినుకొకటి,
చక్రం పట్టినోడికి ఒకటిన్నర.
ఇప్పుడు చక్రం లేదు కదా
అని ఎర్రయ్య అన్లేదు.

చిన్నాన్న బకెట్టుతో నీళ్లు తెచ్చి
కొత్త డెక్కు మీద కుమ్మరించాడు.
ఎటు పోవాలో తెలీక నీళ్లు నిలబడిపోయాయి.
"సూసేరా? మరీ సమానమైతే కుళ్లిపోద్ది.
ఎనక్కి రవ్వంత వాలుండాల."
పూర్ణ తల గోక్కుని
ముందువైపు మందంగా ఇంకో పూత వేశాడు.
మా పాలలెక్కలోనూ ఆ వాలు ఉండిపోయింది.
ఒకటిన్నర కాస్తా ఒకటింబావు అయింది,
అదీ మూడు రాత్రులు గొణుక్కున్నాక.

బోటు ఇసకలో ఉండగానే
పిన్ని ఎక్కింది, మొదటిసారి.
వల మొత్తం పరిచి, నడుమ కూర్చుని,
అరచేత్తో డెక్కుని నిమిరి
"మనింట్లో ఇంత సాపు గచ్చు లేదు కదరా" అంది.

నీళ్లలోకి తోస్తే
జానెడు పైకి తేలింది బోటు.
వల ఎక్కడా ఆగకుండా జారిపోయింది,
మా చేతులకే ఏదో తక్కువైనట్టు.
చిన్నాన్న ఇక వెనక కర్ర పట్టుకుని కూర్చోవాలి.
కూర్చున్నాడు కూడా.
కెరటం విరిగే చోటికి వచ్చేసరికి
కర్ర ఎర్రయ్యకిచ్చి, లేచి,
నడిమధ్యకొచ్చి నిలబడ్డాడు,
రొమ్ము ఎత్తున రెండు చేతులూ గాలిని పట్టుకుని.
ఆ చేతులు కుడికి తిరిగాయి.
ఎర్రయ్య కర్ర ఎడమకి తోశాడు.
ఎవరం ఏమీ అనుకోలేదు.

పెట్టె ఇప్పుడు సురంగి రోడ్డు మీద ఉంది.
అద్దం వెనక ఎండు నెత్తళ్లు, సావడాలు.
పిన్ని దాని వెనక నిలబడి
ఒడియాలో బేరమాడుతుంది,
తెలుగులో డబ్బులు లెక్కపెట్టుకుంటుంది.
బేరం తెగనప్పుడు, ఊరికే,
చక్రం కొంచెం తిప్పుతుంది.