వెనక ఇంటిపేరు

పైనుంచి రెండో అరల
ఒక్క సీసా మిగిలింది.
కంపెనీ దాన్ని బంద్ చేసి పదకొండేండ్లు.
మూత మీద దుమ్ము, లేబుల్ మీద పుంజు బొమ్మ,
పుంజు జుట్టు ఇంకా ఎర్రగనే ఉంది.
పారబోద్దామంటే దుకాణం ముందు మోరీ,
మోరీ దాటితే సాగర్ కాల్వ.
అందుకే అట్లనే ఉంచిన.

మనుషులకు ఇంటిపేరు ముందుంటది,
ఈ మందులకు వెనకుంటది.
అంతా ఫ్లాక్సాసినోళ్లే,
అన్నదమ్ములు, పాలోళ్లు.
కొందరు కోళ్ల షెడ్లకు పోయిన్రు
కొందరు మనుషుల దవాఖానకు.

బొడ్డుపల్లి ఈదయ్య వారానికోసారి హాలియా వచ్చేటోడు.
సంచిల చచ్చిన పిల్ల, సాక్ష్యానికి.
తెల్లపారుడు. రెక్కలు వాలేసినయి.
డాక్టర్ చీటీ ఏదని నేనడగలే,
ఆయన తేలే.
"ట్యాంకుకు ఎంత పొయ్యాలె?"
"వెయ్యి లీటర్లకు ఒక సీసా."
నాలుగు వేల పిల్లలు
ఎర్ర గిన్నెలల్ల ముక్కులు ముంచి
తలలెత్తి మింగేటియి,
ఎవరికో మొక్కినట్టు.

తర్వాత రోగం లేకున్నా పోసిండు.
ముందు జాగ్రత్త అన్నడు.
నేను అవునన్న.
నా బిల్లుబుక్కు నాకంటే ముందే అవునన్నది.

వెయ్యి లీటర్లకు రెండు సీసాలైనయి. మూడైనయి.
కంటికి కానరాని పురుగు
ఆ నీళ్లల్లనే
మా ఇద్దరికంటే బాగ చదువుకున్నది.

ఒకనాడు కంపెనీ పిల్లగాడు
ఆర్డర్ కాగితం మీద గీత కొట్టిండు.
"ఈ మాల్ ఇగ రాదు సేటూ.
ఇంకోటుంది, దీని తమ్ముడే."

మొన్న ఈదయ్య మళ్ల వచ్చిండు.
షెడ్డు రేకులు అమ్మి యాడాదైందట.
సంచిల పిల్ల లేదు,
మడత పెట్టిన కాగితం ఉంది.
భార్య అంజమ్మది, మూత్రం పరీక్ష,
నల్లగొండ ల్యాబుది.
నెలనుంచి జరం విడుస్తలేదు.
"నువ్వు మందులోనివి గద, జర చూడు."

కండ్లద్దాలు పెట్టుకున్న.
కింది దాక మందుల పేర్లు.
వెనక ఆ ఇంటిపేరున్న
ప్రతిదాని ఎదురుంగ ఒకటే అచ్చరం.
ఆర్.
లొంగదని.

"ఏమున్నది?" అన్నడు.
పై అరలకెళ్లి పుంజు నా దిక్కే చూస్తున్నది.
"గోలీలతోని కాదు, సూది మందు రాస్తరు,
ఇయ్యాల్నే పెద్దదవాఖానకు తీస్కపో" అన్న.
నిజమే చెప్పిన.
సగం.

బయట ఆయన టీవీఎస్ బండి చాలు కాలే.
నాలుగుసార్లు తన్నిండు.
అయిదోసారి
గల్లా మూసి లేచిపోయి
వెనకనుంచి నేనే నెట్టిన.