జూలై నెల లెక్క

పైకి రెండు నిమిషాల పది సెకన్లు.
కిందికీ అంతే.
ఈ కొండ లిఫ్టుకు తొందర తెలియదు,
వాల్పరైసో చలికాలపు వానకూ తెలియదు.
లీవరు మీద ఒక చెయ్యి,
పేజీ మీద ఒక చెయ్యి:
పదకొండేళ్ళుగా ఈ గాజు గదిలో
నా చదువు ఇలాగే,
పిట్ట గింజలేరుకున్నట్టు.

జూలైలో ఐదున్నర పుస్తకాలు.
ఆ అర సంగతి తర్వాత.

మొదటిది, గంటలు పోతపోసే కుటుంబం కథ.
మూడు తరాలు, నాలుగు వందల పేజీలు,
నాకు ఒక్క గంటా మోగలేదు.
మీకు నచ్చి ఉంటే తప్పు నాదే అనుకోండి.
ప్రస్తుతం కుర్చీ కుంటికాలి కింద ఉంది,
అక్కడ మాత్రం బాగా పనికొస్తోంది.

రెండోది వంటల పుస్తకం.
ఆదివారం సంతలో కొన్నాను, అట్ట నిండా నూనె మరకలు.
అచ్చు కన్నా అంచులే రుచి:
ఎవరో ఇల్లాలు పెన్సిల్‌తో రాసుకుంది,
"ఉప్పు తగ్గించు, ఒసియెల్‌కి బీపీ."
పేజీ పేజీకీ అదే పోరు.
"ఉప్పు వద్దు." "దొంగచాటుగా వేసుకున్నాడు."
నూట పన్నెండులో, గుల్లల పులుసు పక్కన,
"ఈరోజు ఏమీ అనలేదు. తిననీ."
నూట పదమూడు నుంచి అంచులన్నీ తెలుపు.
రెండు రోజులు ముందుకీ వెనక్కీ తిప్పాను.
పెన్సిల్ అరిగిపోయి ఉండొచ్చు.
ఊరు మారి ఉండొచ్చు.
నూట పదమూడోది గుమ్మడికాయ కూర.
వండాను.
ఉప్పు మామూలుగానే వేశాను,
వేస్తూ ఎవరినో క్షమించమన్నాను.

మూడోది హత్య కథ.
యాభయ్యో పేజీలో ఉండగానే
బడికి పోయే ఫాబ్రిసియో గాజుకు ముక్కు ఆనించి
"పళ్ళ డాక్టరే, సెన్యోరా ఎల్సీరా!" అనేసి
పరిగెత్తాడు.
నాలుగు రోజులు వాడి టికెట్టు రెండేసి సార్లు చూశాను.
అయినా చివరిదాకా చదివాను.
తెలిశాక, ఆ డాక్టరు మర్యాదగా అన్న
"నోరు తెరవండి" కూడా
వెన్నులో చలి పుట్టించింది.
ఈ మాట ఫాబ్రిసియోకి చెప్పను.

నాలుగోది అరచేతిలో పట్టే కవితలు.
ఒక్కో కవితా సరిగ్గా ఒక్కో ప్రయాణం.
ఒకసారి చివరి పాదం దగ్గర నేను ఆగిపోయాను,
బ్రేకు వెయ్యడం ఆలస్యమైంది,
నిబాల్దో చేపల గంప ఒరిగి
మూడు చేపలు నేలపాలు.
మూడు చేపలు ఖరీదు చేసే కవిత ఏమిటో చదవమన్నాడు.
తలపాగా గుడ్డతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు.
"రెండింటికి సరిపోతుంది" అన్నాడు.
మూడోదానికి డబ్బులిచ్చాను.

ఐదోది గాలుల గురించి, ఓడరేవు గుమాస్తా యస్నా ఇచ్చింది.
పొడిపొడిగా, రొట్టె అడుగంటినట్టు.
కానీ చదివాక, రాత్రి తలుపు కొట్టుకుంటే
"ఎవరు?" అనడం మానేశాను,
"ఏది?" అంటున్నాను.

ఇక ఆ అర.
తనిఖీకి వచ్చినాయన మరిచిపోయిన నవల.
ఒకే ఇంట్లో మాటల్లేని అక్కచెల్లెళ్ళు
నడిమధ్య గోడ కడుతుంటారు.
గోడ నడుమెత్తు లేచేసరికి
ఆయనొచ్చి తీసుకుపోయాడు.
ఇప్పటికి ఎంతెత్తు అయిందో.

ఆగస్టు ఖాళీగా ఉంది.
చిల్లర పళ్ళెం పక్కన బిస్కెట్ల డబ్బా పెట్టాను,
కాగితం ముక్కలు, దారం కట్టిన పెన్సిలు.
గొప్ప పుస్తకాలే కానక్కర్లేదు.
దేనికోసం మీ పాలు పొంగిపోయాయో,
ఏది అరువిచ్చి, తిరిగి రాక,
ఇప్పటికీ ఆ మనిషిని తిట్టుకుంటున్నారో,
ఆ పేరు రాయండి.
హంతకుడి పేరు వద్దు.
ఫాబ్రిసియో, నీకే.

నిన్న సాయంత్రానికి ఏడు చీటీలు.
ఒకటి తాళాలు బాగుచేసేవాడి ప్రకటన.
ఒకటి సొంత పెన్నుతో రాసినట్టున్నారు,
వానకు తడిసి
పుస్తకం పేరు నీలి మబ్బయిపోయింది.
కింది వరుస ఒక్కటే మిగిలింది:
"రెండో సగం ముందు చదవండి."

ఎవరండీ అది?
ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ అడుగుతున్నాను.
ఏ పుస్తకంలో?