అంతా మామూలే

రాత్రి పదిన్నరకి
ఒక విశ్వవిద్యాలయం నా నడుముకి వేలాడుతుంది.
నూట పధ్నాలుగు తాళంచెవులు.
గంట కట్టిన పిల్లిని నేను,
మెట్లెక్కుతుంటే నాకంటే ముందు నా చప్పుడు ఎక్కుతుంది.

అందుకే ఆమెకి ఎప్పుడూ
లైటు ఆర్పేంత వ్యవధి దొరికేది.

రెండో అంతస్తు, చివరి గది.
డాక్టర్ డెర్వ్లా కీవనీ, ఐరిష్ భాష.
ఇత్తడి పలక కాదు, కాగితం, నాలుగు మూలలా టేపు.
తొమ్మిది నెలల కొలువుకి ఇత్తడి దండగ అనుకున్నారేమో.

మొదట కనబడింది పళ్ల బ్రష్షు,
కప్పులో, పెన్నుల మధ్య,
ఎర్ర పెన్నే అనుకుని చెయ్యి చాపాను.
తర్వాత నిఘంటువుల బీరువా వెనక చుట్టిపెట్టిన పరుపు.
రేడియేటర్ మీద ఆరీ ఆరని మేజోళ్లు.

చూస్తే రాయాలని రూలు.
రిజిస్టరులో రాశాను:
రెండో అంతస్తు, అంతా మామూలే.
నలభై రాత్రులు అదే వాక్యం.
అబద్ధమని కూడా అనలేను,
గాల్వేలో ఇప్పుడు మామూలంటే ఇదే.

నా క్యాబిన్‌లో టీ తాగుతూ ఒకసారి చెప్పింది.
సాల్ట్‌హిల్‌లో ఒక గది, సముద్రం వైపు కూడా కాదు,
చూడ్డానికి వరసలో నిలబడిందట.
ముందు ముప్పై ఇద్దరు.
సరిగ్గా ఆమె ముందు తన రెండో ఏడు విద్యార్థి, ఓషీన్.
"మీరూనా?" అన్నాడట వాడు.
ఇంటాయన మంచి నడవడికకి ఉత్తరం కావాలన్నాడు.
అడ్డంగా కొడుతున్న వానలో
వాడి వీపునే బల్ల చేసుకుని రాసిచ్చింది:
నెమ్మదస్తుడు, గొడవల్లేవు, గడువు తప్పడు.
"గడువు సంగతి మాత్రం పచ్చి అబద్ధం" అని
టీ ఒలికేలా నవ్వింది.

గది వాడికొచ్చింది.
సంతకం పెట్టిన చేతికేమో
జీతం అద్దెకి మూడు రెట్లు లేదన్నారు.
వేసవి మూడు నెలలూ అసలు జీతమే లేదని
ఇంకా చెప్పనేలేదు వాళ్లకి.

నాకు ఇల్లుంది.
పెళ్లైన ఏడు కౌన్సిల్ ఇచ్చింది.
పదిహేనేళ్లకే బడి మానేసినవాణ్ణి,
ఆ మాట ఆమె ముందు నోట రాలేదు,
ఏదో దొంగసొత్తు దాచుకున్నట్టు.
చిన్న గదిలో ఇప్పుడు కూతురూ అల్లుడూ, పాకే పసిదీ.
లేకపోతే అడిగేవాణ్ణే, వచ్చి ఉండమని.
అడిగేవాణ్ణేనా?

ఒక సాయంత్రం బల్బు మార్చే వంకన
తలుపు దగ్గర నిలబడి పాఠం విన్నాను.
బాల్యె, అని బోర్డు మీద రాసింది.
మన భాషలో ఊరన్నా ఇల్లన్నా ఒకటే మాట, అంది.
చిన్నప్పుడు దెబ్బలు తిని నేర్చిన మాటే,
ఆమె నోట కొత్తగా తడిగా ఉంది.
వెనక బెంచీలోంచి ఎవరో:
"ఊరుండి ఇల్లు లేకపోతే?"
ఆమె గడియారం చూసింది.
"అది వచ్చే వారం" అంది.
రాత్రి బోర్డు తుడిచాను. తుడవడం నా పని.

జనవరిలో కొత్త తలుపులు వచ్చాయి.
కార్డు ఆనిస్తే పచ్చ దీపం.
ఎవరొచ్చారు, ఎప్పుడొచ్చారు, వెళ్లారా లేదా
అన్నీ అదే రాసుకుంటుంది.
దానికి మామూలే అన్న మాట రాదు.

తాళంచెవులు పెట్టెలో పోసి అప్పగించాను.
పెట్టెతో తూచారు.
నడుము తేలికై
ఆ రాత్రంతా ఒక పక్కకి ఒరిగినట్టు నడిచాను.

కార్ల పార్కులో, మూడింటికి,
నది వైపు గోడ వార ఒక నీలం కారు.
అద్దాల నిండా లోపలి ఊపిరి.
సీటు మీద నిఘంటువు, దాని మీద
ఫోను వెలుగంత వెలుగు.

గంట ఊడిన పిల్లిని.
నేనొస్తున్నానని చెప్పడానికి ఒంటి మీద ఏమీ లేదు.

దగ్గాను.
మళ్లీ, గట్టిగా.

వెలుగు ఆరింది.
అటు చూడకుండా దాటిపోయాను.