కరెంటు పోయిన ఇరవై నిమిషాలు

బీకరు అడుగున తెల్లటి అయస్కాంతం
గిర్రున తిరుగుతున్నంతసేపూ
ద్రావణమంతా ఒక్క మాట మీదుంది.
ఎరుపంటే ఎరుపు. నీలమంటే నీలం.
పిల్లలు టైము రాసుకుంటున్నారు.
ఎక్కడ మొదలైందని ఎవరూ అడగలేదు,
అంతటా మొదలైనదానికి చోటుండదు గదా.

నాగర్‌కర్నూల్‌లో మధ్యాహ్నం రెండింటికి
కరెంటు పోయింది.
అయస్కాంతం కునికి, పక్కకు ఒరిగి, ఆగింది.

అటెండరు అంజిలప్ప కిటికీ రెక్క తెరిచి
సగం ద్రావణాన్ని
గాజు పళ్ళెంలోకి పల్చగా ఒంపాడు.
"జరసేపు ముట్టకుండ్రి."

మొదట ఏమీ లేదు. ఇటుకపొడి నీళ్ళు.
తర్వాత ఓ మూల ఆవగింజంత నీలం.
దుమ్ము పడిందో, గాజు మీద గీతుందో.
ఆ చుక్క చుట్టూ ఒక గాజు,
దాని చుట్టూ ఇంకో గాజు,
తండా అవ్వ మోచేతి దాకా తొడుక్కున్నట్టు.
పొరుగు నుంచి పొరుగుకే కబురు.
రెండు వలయాలు ఎదురుపడితే
నీటి అలల్లా దాటుకుని పోలేదు,
తాకిన గీత మీదే రెండూ ఆరిపోయాయి.

సుభాషిణి పెన్ను మొనతో ఒకదాన్ని తెంపింది.
తెగిన కొసలు చావలేదు.
తేలు కొండిలా ముడుచుకుని
తమ చుట్టూ తామే తిరగసాగాయి.

అంజిలప్ప స్టూలు మీద కూర్చున్నాడు.
"పూనా దిక్కు డ్యాము కట్టంగ
మిక్సరు కాడ నేనే ఉంటి సారూ.
అది తిరుగుతాంటే
కంకరేదో ఇసుకేదో ఎరుకైతదా?
మేము గూడ అంతే.
పొద్దంత ఒకటే దుమ్ము రంగు, ఒకటే పేరు,
పాలమూరు లేబరు.
మాపటికి మిషిని ఆగేది. అప్పుడు జూడాలె,
కోడేరోళ్ళ పొయ్యి చుట్టు కోడేరోళ్ళు,
లింగాలోళ్ళ పొయ్యి చుట్టు లింగాలోళ్ళు,
ఒక పొయ్యి కాడి నవ్వు ఇంకో పొయ్యికి పాకేది.
ఎవ్వరు గీసిండ్రు ఆ ముగ్గు?"

బోర్డు మీద నేను రాసిన సమీకరణంలో
రసాయనం ఉంది, వ్యాపనం ఉంది.
కలిపే చేతికి
గుర్తేదీ పెట్టలేదు.

పళ్ళాన్ని కొంచెం వంచి చూశాను.
సుడులు సాగి నూలుపోగులయ్యాయి,
పోగులు విడివడి కొత్త సుడులయ్యాయి.
ఇంకాస్త గట్టిగా ఊపాను,
అంతా ఇటుకపొడి.
కొద్దిగా కలపడం, పూర్తిగా కలపడం
ఒకే పనిలో ఎక్కువ తక్కువలనుకున్నానిన్నాళ్ళూ.

వదిలేస్తే మళ్ళీ మొలిచింది చుక్క,
ఈసారి వేరే చోట.

కరెంటు వచ్చింది.
బీకరులో మిగిలిన సగం
మళ్ళీ ఒక్క మాట మీదికొచ్చింది.
పైన ఫ్యాను కదలగానే
పళ్ళెంలో వలయాలు ఒక పక్కకు ఈడ్చుకుపోయాయి.

అంజిలప్ప ఏమీ అనలేదు.
మే నెల ఎండలో,
చెమటలు కారుతున్న ముప్పై మంది మధ్యనుంచి నడిచి
ఫ్యాను బందు చేసిండు.