కౌంటు

సైటు రాత్రికి మూసేస్తారట.
మా వరండాలో సిగ్నలు అందదు.
రొయ్యల చెరువు గట్టు మీద
మూడో కరెంటు స్తంభానికి ఆనుకుని నిలబడితే
ఒక్క గీత దొరుకుతుంది.
అక్కడ నిలబడి, ఎడమ చేత్తో దోమల్ని కొట్టుకుంటూ
నల్లమెరక ప్రాథమిక పాఠశాలని
గడిగడిగా ఫోనులోకి ఎక్కిస్తున్నాను.

మొత్తం పిల్లలు పంతొమ్మిది.
బాలురు ఎనిమిది, బాలికలు పదకొండు.
పచ్చబస్సు వచ్చి మగపిల్లల్ని ఏరుకుపోతుంది,
అక్కచెల్లెళ్ళని నాకు వదిలేసి.
ఆ సంగతి రాయడానికి గడి లేదు.

ఎస్సీ పన్నెండు.
బీసీ-ఏ ఐదు.
ఓసీ గడిలో సున్నా.
ఆ సున్నా నాకు బాగా తెలుసు,
ఇస్త్రీ బట్టలతో, టై కట్టుకుని
రోజూ ఏడున్నరకి మా గేటు ముందునుంచే పోతుంది.
ఒక్కోసారి కిటికీలోంచి చెయ్యూపుతుంది కూడా.

ఇంకా ఇద్దరు మిగిలారు.
ఒడిశానుంచి చెరువు కాపలాకొచ్చిన మనిషి పిల్లలు,
సుభాసిని, దాని తమ్ముడు.
వాళ్ళ కులం పేరు మన జాబితాలో లేదు,
'ఇతరులు' నొక్కమంది ఫోను. నొక్కాను.
చెరువుకి తెల్లమచ్చ తగిలిందంటే
రాత్రికి రాత్రి మకాం ఖాళీ,
నా రిజిస్టర్లో రెండు వరసలు ఖాళీ.
ఇప్పుడిప్పుడే ఆ పిల్ల
తెలుగులో అబద్ధమాడ్డం నేర్చుకుంది.
అంతకంటే భాష ఇంకేం రావాలి?

ఇక సామర్థ్యాలు.
మూడో తరగతి, మెల్లం బ్లెస్సీ. చదవడం: సి.
ఆ రోజు పేరాలో మొదటి వాక్యం
'అమ్మ ఉదయాన్నే నన్ను నిద్ర లేపుతుంది.'
సగంలో ఆగిపోయింది.
ఏమ్మా అంటే
'ఉదయం అమ్మ పడుకుంటదండి' అంది.
వాళ్ళమ్మది తలకాయలు తీసే షెడ్డులో రాత్రి పని.
నాలుగింటికి వ్యాను దింపుతుంది,
ఐసుకి పాసిపోయిన వేళ్ళతో.
నిమిషానికి ఎన్ని పదాలు చదివిందో
లెక్కపెడుతున్నది స్టాప్‌వాచీ.
ఆపేసి, సి వేసింది నేనే.

ఐదో తరగతి, నాగశేషు.
హాజరు అరవై ఒక్క శాతం.
గైర్హాజరుకి కారణం ఎంచుకోవాలి:
అనారోగ్యం, వలస, ఆసక్తి లేకపోవడం.
చెరువు పట్టుబడి అన్నది అందులో లేదు.
తెల్లారుజామున వల లాగితే
మూడొందలిస్తారు, టీ బన్ను అదనం.

భాగహారం: సి.
వెయ్యిని నలభైతో భాగించమంటే
కాగితం తెల్లగా ఇచ్చేశాడు.
వారం తిరక్కుండా ఇదే గట్టు మీద చూశాను వాణ్ణి.
కాటాలో గుప్పెడు రొయ్యలు పోసి, ఇంకా ముల్లు ఆగకముందే
'నలభై కౌంటండి, ఒక్కోటీ పాతిగ్గ్రాములు' అన్నాడు.
కొనేవాడు కాలిక్యులేటరు తీసి
మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

మొన్న మీటింగులో పెద్దసారు
మా బడిని వేలితో జరిపారు మ్యాపు మీద,
ఉప్పుటేరు అవతలికి.
'మూడు కిలోమీటర్లేగా.'
మ్యాపులో ఏరు సన్నటి నీలంగీత,
పంటు సాయంత్రం నాలుగుకే ఆగిపోతుందని
ఆ గీత చెప్పదు.
నేనూ చెప్పలేదు. సమోసాలు వచ్చాయి, తిన్నాను.

'ఏంటి మేష్టారండీ, దోమల్లో నుంచున్నారు?'
సైకిలు దిగి నాగశేషు.
ఫోనులోకి తొంగిచూసి అడిగాడు:
'మన బడి కౌంటెంతండీ?'
పంతొమ్మిదిరా.
'పంతొమ్మిదే!'
కళ్ళు పెద్దవి చేశాడు.
'మరైతే శానా రేటు పలుకుద్దండి.
కౌంటు తగ్గేకొద్దీ సరుకు పెద్దదండి.'

నేను నవ్వానో లేదో గుర్తు లేదు.
భాగహారం గడి దగ్గరికి వెనక్కెళ్ళి
సి చెరిపి ఏ చేశాను.
కారణం తెలపమంది.
'కాటా దగ్గర పరీక్షించడమైనది' అని రాశాను.

పంపించు నొక్కాను.
ఫోనులో చిన్న చక్రం తిరుగుతోంది.
చెరువులో ఏరియేటరు చక్రాలు తిరుగుతున్నాయి,
అవైతే నీళ్ళకి ఊపిరి పోస్తాయి.

రేపు పొద్దున్న బ్లెస్సీ చేత
ఆ పేరా మళ్ళీ చదివించాలి.
వాచీ ఇంట్లో వదిలేసి వెళ్తాను.