సత్రానికి ఇంగ్లీషులో

లేబర్న్ నుంచి హాస్‌కి సాయంత్రం నాలుగూ యాభై బస్సు,
సోమ, బుధ, శుక్రవారాలు నాది.
సంత మైదానం దగ్గర ఎక్కుతాడు విల్ఫ్ మెట్‌కాఫ్,
ఎనభై మూడేళ్ళు, పెద్దవాళ్ళ ఉచిత పాసు,
జేబులో కుక్క బిస్కెట్లు. కుక్క పోయి రెండేళ్ళు.
"ఎక్కడికండీ?" అంటాను, తెలిసే.
ఓ కనుబొమ్మ పైకెత్తి, టోపీ సర్దుకుని
"హాస్టెల్రీకి, తల్లీ" అంటాడు.
పబ్ అనడు.
పబ్ అంటే తాగడానికి పోయేది.
హాస్టెల్రీ అంటే, ఆయన లెక్కలో,
తాగడానికే, కాకపోతే మెడ నిలబెట్టి పోయేది.

వెనక సీట్లో ఎవరో ఒకరు నవ్వుతారు.
ఆ మాట ఇక్కడ మామూలుగా ఎవరి నోటా రాదు.
తాత కోటు తొడుక్కున్న కుర్రాడిలా
చేతులు వేళ్ళ దాకా జారి, భుజాలు దిగిపోయి
నవ్వించడానికే బయటికొస్తుంది.
వారపత్రికలో మాత్రం దానికింకా చిన్న ఉద్యోగం ఉంది:
శనివారం రాత్రి కొట్లాట వార్తలో
పబ్, పబ్, పబ్ అని మూడుసార్లు రాశాక
నాలుగో చోట కూర్చోబెడతారు.

బెయిన్‌బ్రిడ్జ్‌లో ఆయన దిగే చోటు, తెల్ల గొర్రె బొమ్మ వేలాడే గోడ.
గుర్రబ్బండి దూరేంత కమాను కింద
ఇప్పుడు నీలం చెత్తడబ్బాలు.
పైన నాలుగు గదులున్నాయిట:
చిప్స్ అట్టపెట్టెలు, విరిగిన కుర్చీలు, డోరీన్ ఇస్త్రీ బల్ల.
మంచం ఒక్కటీ లేదు.

మా వైపు మాట మాత్రం ఏం బాగుపడింది?
పూటకూళ్ళ ఇల్లు. పూటకి కూడు.
చేసే పనంతా పేరులోనే విప్పి చెప్పే మాట,
అది పోయింది.
సత్రం మిగిలింది, తిట్టుగా.
"ఇల్లనుకున్నావా, సత్రమనుకున్నావా?"
పోయిన వారం మా మేఖల మీద అరిచింది నేనే,
అర్ధరాత్రి బూట్లతో మెట్లెక్కుతుంటే.
"సత్రమంటే ఏంటమ్మా?" అంది.
ఆలోచించి, "హాస్టెల్రీ" అన్నాను.
మెట్ల మీదే కూలబడి నవ్వింది,
"ఆ ముసలాయన అంటాడే, అదా!"

ఫిబ్రవరిలో ఓ శుక్రవారం, ముందు రోడ్డు మంచులో మాయమైంది.
బస్సు కమాను పక్కన ఆపేశాను. తొమ్మిది మందిమి.
డోరీన్ పైనించి దుప్పట్లు విసిరింది,
బఠాణీ సూపు కాచింది, డబ్బులంటే గరిటె చూపించింది.
కర్టెన్లు కూడా దింపి కప్పింది ఇద్దరు బడిపిల్లలకి.
బూట్లన్నీ నిప్పుగూటి ముందు వరసగా,
తడి ఉన్ని వాసన.

మేఖల ఫోను: "ఎక్కడున్నావమ్మా?"
"సత్రంలో."
అనేశాక గానీ తెలియలేదు,
తిట్టూ కాదు, వేళాకోళమూ కాదు.
కోటు సరిపోయింది.

విల్ఫ్ బాణాలాట పలక కింద బల్ల మీద పడుకున్నాడు.
బిస్కెట్లు పిల్లలిద్దరికీ పంచబోతే
డోరీన్ లాక్కుంది.

తెల్లారి మంచు తోసే బండి వచ్చింది.
నడుం పట్టుకుని లేచాడు, టోపీ వెతుక్కున్నాడు,
కనుబొమ్మ కదలలేదు.
"పబ్ బల్లలు," అన్నాడు,
"మహా గట్టివి, తల్లీ."