సోనామసూరి తూకం

డారిల్ కొట్లో గోడ నిండా సంచులు.
పోర్ట్ అగస్టా గాలికి పైన రేకులు దడదడమంటున్నాయి.
మొదట చూపించింది అయస్కాంతాల ట్యాంక్ బ్యాగ్.
నా బండి ట్యాంకు మీద పెట్టాడో లేదో
అప్పు అడిగిన చుట్టంలా
మెల్లగా పక్కకి జారుకుంది.
"ప్లాస్టిక్ ట్యాంకు కదూ నీది!" అని తనే నవ్వాడు.
ఇనుము లేని చోట ఎంత ఆకర్షణైనా దండగ.
ఇంక పట్టీలే గతి.

పెద్దది కావాలన్నాను.
పెద్దదే కట్టి, హ్యాండిల్ తిప్పి చూడమన్నాడు.
సగం తిరిగి సంచికి తగిలి ఆగింది,
హారన్ దానంతట అదే కూసింది.
వీధిలో పోతున్న పెద్దాయన ఎవరో
తననే పిలిచాననుకుని చెయ్యి ఊపాడు.
చిన్నదే కొన్నాను.

నోరీన్‌కి డెబ్బై ఒకటి.
నల్లార్‌బోర్ మైదానం నాలుగుసార్లు దాటింది.
"వానలో, గ్లవ్ తియ్యకుండా, బండి దిగకుండా
ఏది కావాలో అదే ముందు సంచిలో.
మిగతాది నీ వెనకే వస్తుందిలే" అంది.
ఇంటికొచ్చి కాగితం మీద రాసుకున్నాను.
కళ్ళజోడు, టైరు గాలి మీటరు, పెట్రోలు డబ్బులు,
ఉసిరి తొక్కు.
ఉసిరి తొక్కు కొట్టేశాను.
మళ్ళీ రాశాను.

వెనక్కి అల్యూమినియం పెట్టెలు తీసుకుందామనిపించింది.
తాళం పడతాయి, దారిలో కూర్చోడానికి పీటలవుతాయి.
నోరీన్ ఏమీ అనలేదు.
ప్యాంటు మడిచి పిక్క మీది మచ్చ చూపించింది.
ఇసకలో పడ్డప్పుడు పెట్టె ఆ కాలిని వదల్లేదట.
పళ్ళ క్లినిక్‌లో పనిచేసేదాన్ని,
రోజూ ఎక్స్‌రేలు చూసే కళ్ళు నావి.
ఆ చర్మం కింద ఎముక ఎంత వంకరగా అతికిందో
చూడకుండానే కనిపించింది.
కాన్వాసు సంచులు తీసుకున్నాను.

కావడి మోసేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు,
రెండు వైపులా ఒకటే బరువుండాలని.
నాకు తెలియదు గనక శనివారం పరీక్ష పెట్టుకున్నాను.
అడిలైడ్ నుంచి తెచ్చుకున్న సోనామసూరి
ఎడమకి అయిదు కిలోలు, కుడికి అయిదు.
కుడి వైపు సైలెన్సర్ ఉంది,
ఎసరు లేకుండానే ఉడికిపోతాయేమోనని
నాలుగు వేళ్ళ ఎడం వదిలి కట్టాను.

క్వోర్న్ దాటాక కంకర మలుపు.
నడిచేంత వేగమే,
ముందు చక్రం మాత్రం ఎటో చూసింది.
ఎడమకి ఒరిగాం ఇద్దరం.
బండికీ నా కాలికీ మధ్య
అయిదు కిలోల బియ్యం దిండులా పడుకుంది.
కాలు తీసుకున్నాను, వేళ్ళు కదిపాను. అన్నీ ఉన్నాయి.
సంచి మాత్రం రాయి కోసుకుని జానెడు చిరిగింది,
ఎర్రమట్టి నిండా
ఎవరి పెళ్ళివో తెలియని తలంబ్రాలు.

సంచులు విప్పి, సీటుకి నడుం ఆనించి
వెనక్కి నడుస్తూ బండి లేపాను.
తిరిగి చూస్తే కంచె మీద రెండు కాకతువ్వలు,
బూడిద రెక్కలు, గులాబీ పొట్టలు.
రెండు పదయ్యాయి, పది ముప్ఫై అయ్యాయి.
నేనింకా హెల్మెట్ తియ్యలేదు, వాటి పంక్తి మొదలైపోయింది.
కిలో ఎంతకి కొన్నానో వాటికి తెలిస్తే
ఇంకాస్త నెమ్మదిగా తినేవేమో.

రిసెప్షన్‌లో షెరిలిన్
గడువు దాటిన డెంటల్ ఫ్లాస్ మూడు డబ్బాలిచ్చింది.
గోనె కుట్టే సూది ఆవిడ తమ్ముడిది, గొర్రెల షెడ్డులోది.
ఆదివారమంతా కూర్చుని కుట్టాను.
ఇప్పుడు నా సామానంతా
పుదీనా వాసన వేస్తోంది.

పదమూడో రోజు తెల్లవారకముందే బయల్దేరాను.
ముందు సంచిలో ఉసిరి తొక్కు ఉంది,
నోరీన్‌కి చెప్పకండి.
కింబాలో టీకి ఆగి వానకోటు దులిపితే
మడతలోంచి బియ్యపు గింజలు.
పదకొండు. లెక్కపెట్టాను.
పారెయ్యబుద్ధి కాలేదు.
ముందు సంచిలోనా, వెనక సంచిలోనా
ఎంతకీ తేలక
అరచేతిలోనే పట్టుకుని నిలబడ్డాను
ఒక రోడ్ ట్రెయిన్ మొత్తం దాటిపోయేదాకా.